అంగీకారోపన్యాసము – ఓటరు తీర్పు



అమెరికాలో అధ్యక్షపదవికి నిలుచు అభ్యర్థి స్వపక్ష మహాసభ యెదుట అంగీకారోపన్యాసము చేయుట ఆచారము. సభలోనివారు దానిని కరతాళధ్వనులతో విందురు. ఓటరులు ఋణపత్రమువలె దాచుకొందురు.

1988 ఆగష్టు 18వ తేదీన న్యూ ఆర్లియన్సు నగరమున జార్జి బుష్షు రిపబ్లికను పక్షాభ్యర్థిత్వము నంగీకరించుచు, కాంగ్రెసు ఎంత ఒత్తిడి చేసినను క్రొత్త పన్నులు వేయనని ప్రతిజ్ఞ చేసెను. సభ మాఱుమ్రోగెను. నవంబరులో నూటికి 53 ఓట్లును, 50 రాష్ట్రములలో 40యును అతనికి లభించెను.

1990లో బొక్కసపు లోటు తగ్గించుటకై, డెమొక్రాటుల ఆధిక్యముగల కాంగ్రెసుతో రాజీపడి పన్నులు పెంచుట కొడంబడెను. ఆ రాజీ దేశహితమేయని వాదించువారు కలరు; కావచ్చును. కాని ఓటరు మాటను గుర్తుంచుకొనెను. 1992 ఫిబ్రవరిలో న్యూహాంప్షైరునందు స్వపక్షపు ఓటరులే నూటికి 37గురు ప్రతిస్పర్ధియగు బుకానను వైపు మొగ్గిరి. నవంబరులో దేశమంతట బుష్షునకు దక్కినవి నూటికి 37 ఓట్లే, క్లింటను గెలిచెను. వ్యాపారము మందగించుటయు, పెరో పోటీయు ఇందుకు తోడ్పడిన మాట నిజమే. అయినను నాలుగేండ్లనాటి యా వాక్యమును ప్రత్యర్థులు మరల మరల వినిపించుచుండిరి.

బొక్కసపు లెక్క చూడక మాట యిచ్చుట నాయకుని దోషము. ఆ తీపిమాటకే మురిసి ఓటిచ్చినవారికిని అందు పాలు గలదు. వాగ్దానభంగమునకు న్యాయస్థానమున వాది ఋజువు చూపవలెను. ఓటరునకు జ్ఞాపకమే ఋజువు, ఓటే డిక్రీ. కావున చప్పట్లు చరచుటకు ముందే, ఈ మాట చెల్లుబాటగునా యని విచారింపుడు. చరచిన పిదప దానిని మఱవకుడు.