చలిజ్వరపు క్రిమి పైతొడుగు

1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రొనాల్డు రాస్ దోమ కడుపును కోసి, అందు మలేరియా క్రిమి పెరుగుచుండుట చూచెనన్న సంగతి శ్రోతలెరిగినదే. నేటికిని మా పనిలో తొలిమెట్టు దోమను కోయుటయే. అయితే మేము వెదకునది కడుపునందు గాక లాలాజల గ్రంథులయందు. దోమ కుట్టినపుడు మన దేహమున ప్రవేశించు క్రిమిరూపము, స్పోరోజాయిటు, అచటనే యుండును. సూక్ష్మదర్శిని క్రింద సూదిమొనతో దోమ తలను మెల్లగా లాగినచో గ్రంథులు తల వెంట వచ్చును. చేయి వణకినచో రావు.

ఇంత శ్రమ దేనికి? మన దేహమునందలి రక్షకదళము బ్రతికియున్న క్రిమి లోపలి భాగములను చూడజాలదు. దానికి కనబడునది పైతొడుగు. ఆ తొడుగునందలి మాంసకృత్తు, అనగా ప్రోటీను, ఏదో తెలిసినగాని టీకా మాట ఎత్తుటకు వీలులేదు.

న్యూయార్కు విశ్వవిద్యాలయమున రూత్ నుస్సెన్‌జ్వైగ్ గారును సహచరులును 1967లో ఎక్స్‌రే కిరణములచే బలహీనపరచిన స్పోరోజాయిటులను చిట్టెలుకలకెక్కించి, వానికి రక్షణ కలుగుట చూచిరి. అట్టి ఎలుకల రక్తరసిని బ్రతికిన క్రిములతో కలుపగా, క్రిమి చుట్టును పొరవంటి పదార్థము గడ్డకట్టి, వెనుకకు జారి, తోకవలె వ్రేలాడెను. పాము కుబుసము విడుచుట చూచినవారికి ఈ దృశ్యమును వేరుగ వర్ణింపనక్కరలేదు. ఆ పొరలోని ప్రధాన ప్రోటీనును 1980లో అచటివారే, ఒకే గురుతును పట్టు ప్రతిరక్షకముతో గుర్తించిరి. మనుష్యులకు సోకు ఫాల్సిపారం క్రిమియందు దాని జన్యువు 1984లో తెలియవచ్చెను.

ఒక ప్రోటీను నిజముగా పైననే యున్నదని తేల్చుట ఎట్లు? బ్రతికిన క్రిములను మంచుపై నుంచి, ప్రతిరక్షకము కలిపి, కడిగి, దానినంటుకొను మెరయు రంగును చేర్చి చూతుము. అంచు వెంట ఆకుపచ్చని వెలుగు కనబడవలెను. ఇచట ఒక మోసము కలదు. క్రిమి చచ్చి పొర చిల్లుపడినచో ప్రతిరక్షకము లోనికి దూరి, లోపలి ప్రోటీనులను గూడ వెలిగించును. అందుచేత లోపలనే యుండునని తెలిసిన మరియొక ప్రోటీనుపై ప్రక్కనే పరీక్ష పెట్టుదుము. అదియు వెలిగెనా, ఆ దినపు దోమలన్నియు వృథా!

ఫాల్సిపారం తొడుగు ప్రోటీను నడుమ నాలుగు అమైనో ఆమ్లముల వరుస ఒకటి, భజనలో పల్లవివలె, సుమారు 40 మారులు వచ్చును. ఆ పల్లవిని, ప్రోటీను చివరి భాగమును కూర్చి చేసిన టీకాను ఆఫ్రికా మొదలగు ప్రాంతముల బిడ్డలకై 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసెను. 2023లో అదే ప్రోటీనుపై నాధారపడిన రెండవ టీకా వచ్చెను. మొదటి టీకా పరీక్షలో, నాలుగు మోతాదులు పొందిన 5 నుండి 17 నెలల బిడ్డలలో సుమారు నాలుగేండ్ల కాలమున మలేరియా జ్వరములు మూడవవంతుకు కొంచెము మించి తగ్గినవి. తక్కిన భాగమునకై దోమలను కోయుట ఇంకను సాగుచున్నది.