నెలలు నిండని బిడ్డ కంటికి లేజరా, క్రయోనా?



పసిపిల్లల వార్డులో మీరు తరచూ అడుగుతుంటారు: "సిస్టరమ్మా, లేజరు పెడితే పసికన్ను కాలిపోదా? ఐసు పెట్టే వైద్యమే మెత్తనిది కదా?"

ముందు జబ్బు సంగతి వినండి. కంటి లోపల వెనుక గోడకు రెటీనా అనే పలుచని పొర ఉంటుంది. రక్తనాళాలు దాని మీద తొమ్మిదో నెల దాకా అల్లుకుంటూనే ఉంటాయి. బిడ్డ ముందుగా పుడితే పొర అంచులో కొంత ఖాళీ మిగులుతుంది. కొందరిలో ఆ ఖాళీ పక్కన పిచ్చినాళాలు పెరిగి, పొరను లాగి ఊడదీస్తాయి. దీన్ని ఆర్.ఓ.పి. అంటారు. పొర పూర్తిగా ఊడితే చూపు తిరిగి రావడం చాలా కష్టం.

లేజరైనా క్రయో అయినా చేసేది ఒకటే, ఆ ఖాళీ అంచును మాడ్చేయడం. క్రయోలో గడ్డకట్టేంత చల్లని మొనను కంటికి బయటి వైపు నుండి ఆనిస్తారు. ఆ చలి కంటిగోడ మందమంతా దాటి లోపలికి పోవాలి. అందుకే రెప్పలు బాగా వాస్తాయి, నొప్పీ ఎక్కువే. చల్లగా ఉన్నంత మాత్రాన మెత్తనిది కాదమ్మా! అయినా దాన్ని చులకన చేయకూడదు. 1988లో అమెరికాలో వెలువడిన పెద్ద పరిశోధనలో క్రయో వల్ల చెడు ఫలితాలు దాదాపు సగానికి తగ్గాయి.

లేజరులో కాంతి కంటిపాప గుండా వెళ్ళి, కావలసిన చోటే చిన్న చిన్న చుక్కలుగా పడుతుంది. కోత లేదు, వాపు తక్కువ. తరువాత వచ్చే దూరపుచూపు లోపం కూడా క్రయో కంటే తక్కువ. కంట్లో నెత్తురు చేరి కాంతి దారి మూసుకుపోతే క్రయో అక్కరకు వస్తుంది. కొందరు బిడ్డలకు ఇప్పుడు కంట్లో ఇంజెక్షను కూడా ఇస్తున్నారు. పెద్దవాళ్ళ రెటీనా చిరుగుల లెక్క వేరు, వాటికి రెండూ వాడతారు.

నన్నడిగితే, ఏ వైద్యం అన్నదానికంటే ఎప్పుడు అన్నదే పెద్ద ప్రశ్న. 34 వారాలలోపు పుట్టినా, 2 కిలోలకు తక్కువున్నా, పుట్టిన 30 రోజుల్లోపు కంటిపరీక్ష జరగాలి. మరీ చిన్న బిడ్డలకు 2, 3 వారాలకే చేయాలి. "మూడో నెల వచ్చాక గడప దాటిస్తాం" అనకండి. చికిత్స కావాలని డాక్టరుగారు చెబితే రెండు మూడు రోజుల్లోనే చేయించాలి. పైకి కన్ను మామూలుగానే కనిపిస్తుంది సుమా!

పరీక్షకు గంట ముందు నుండి పాలు పట్టవద్దు. వచ్చేటప్పుడు బరువు, పుట్టిన తేదీ రాసిన డిశ్చార్జి కాగితం తెండి.