ఔషధ వ్యయము – గృహస్థుని వివేకము

  

ఈ మహాసభయందు మేము విద్యను గూర్చియో, వివాహ వ్యయములను గూర్చియో ప్రసంగింతుమని మీరు తలచియుందురు. కార్యదర్శిగారు విషయ నిర్ణయమును మాకే విడిచిరి. పింఛను పుచ్చుకొనువారు నలుగురు చేరినచోట నేడు మొట్టమొదట వచ్చునది మందుల మాట. కావున నెలనెల మన యిండ్లలో మందులకగు వ్యయమును, దేహమునకు హాని లేకుండ, తగ్గించుకొను మార్గములను పోల్చి చెప్ప సంకల్పించితిమి. మేము వైద్యులము కాము. బడిలో పాఠములు చెప్పినవారము. మందు మార్పవలెనా, మానవలెనా యన్నది వైద్యుడు చెప్పవలసిన మాట. దాని నే ధరకు కొనవచ్చునో గృహస్థుడు తెలిసికొనవలెను.

ముందుగా నామ విచారము. అమరము వల్లించిన బాలునికి పద్మము, కమలము, అరవిందము వేర్వేరు పువ్వులు కావని తెలియును. మందులును అట్టివే. రక్తపోటునకు వ్రాయు ఆమ్లోడిపిన్, మధుమేహమునకు వ్రాయు మెట్‌ఫార్మిన్ మొదలగునవి మందుల యసలు పేర్లు. వీనినే జెనరిక్ పేర్లందురు. ఒక్కొక్క కంపెనీ ఆ మందునకే తనకు నచ్చిన పేరు పెట్టి, తనకు తోచిన ధరకు అమ్ముచుండును. స్ట్రిప్పు మీద రెండు పేర్లును ఉండును. మాత్ర యెన్ని మిల్లీగ్రాములదో కూడ ఉండును. అసలు పేరును, మిల్లీగ్రాములను చదువ నేర్చుట మన మొదటి పాఠము.

ధరలకు అదుపే లేదా యని మీరడుగవచ్చును. కొంత కలదు. 1997లో ఏర్పడిన జాతీయ ఔషధ ధరల నిర్ణయ సంస్థ, 2013 నాటి యుత్తరువు ననుసరించి, అత్యవసర ఔషధముల పట్టికలోని మందులకు గరిష్ఠ ధర నిర్ణయించుచున్నది. 2022 నాటి పట్టికలో 384 మందులున్నవి. కాని గరిష్ఠ ధర యనగా అంతకు మించి అమ్మరాదనియే యర్థము; దానికి లోబడిన ధరలలో భేదములు మిక్కిలి యుండవచ్చును. రెండు మూడు మందులు కలిపి చేసిన మాత్రలలో చాలవఱకు ఆ పట్టికలో చేరవు. ఆ సంస్థవారే ‘ఫార్మా సహీ దామ్’ అను సాధనమును సెల్‌ఫోనులలో ఉంచిరి. అందు పేరు కొట్టి చూచినచో ధర తెలియును. మనుమని చేత నొకసారి చూపించుకొన్న చాలును.

ఇక మార్గములు. మొదటిది సర్కారు దవాఖాన. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములందును, హైదరాబాదులో 2018 నుండి తెఱచిన బస్తీ దవాఖానలందును రక్తపోటు, మధుమేహములకు మాత్రలు ఉచితముగా నిత్తురు. క్షయకు మందులు దేశమంతటను ఉచితమే. ఇచట వ్యయము డబ్బు కాదు, కాలము. వరుసలో నిలువవలెను, ఒక్కొక్క నెల సరకు లేదని వెనుకకు పంపుదురు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకములు ఆసుపత్రి చికిత్సకు మహోపకారములు; ఇంట మ్రింగు నిత్య మాత్రల ఖర్చు సామాన్యముగా వానిచే తీఱదు.

రెండవది జనౌషధి కేంద్రము. వీనిలో మొదటిది 2008 నవంబరులో అమృతసరమున తెఱచిరి. నేడు మన జిల్లా పట్టణములన్నిటను కానవచ్చుచున్నవి. పేరుపొందిన కంపెనీల ధరకంటె 50 నుండి 80 శాతము తక్కువకు ఇచ్చుచున్నామని ప్రభుత్వమువారు చెప్పుదురు. చవుక మందు పనిచేయునా యను సందేహము మనలో పెక్కుమందికి కలదు. ప్రతి బ్యాచిని గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్షింపించియే దుకాణములకు పంపుదురు. లోపమేమన, అన్ని మందులు అన్నివేళల నుండవు. కావున ఉన్న మాత్రలు తీఱుటకు పది దినములు ముందుగనే పోవలెను.

మూడవది తగ్గింపు దుకాణము. ఇంటికి తెచ్చియిచ్చు ఆన్‌లైను దుకాణములును ఈ కోవలోనివే. ఇచట శాతమును చూచి మోసపోరాదు. ముద్రించిన ధర 100 రూపాయలైన స్ట్రిప్పును 20 శాతము తగ్గించి 80కి ఇచ్చెననుకొనుడు. ఏ తగ్గింపును లేని మఱియొక చోట ఆ మందే 30 రూపాయలకు దొరకినచో ఎవరు లాభపడిరి? ఒక స్ట్రిప్పులో 10 మాత్రలు, ఇంకొకదానిలో 15 ఉండును. కావున మాత్ర యొక్కటికి ఎంతపడినదని భాగహారము చేయవలెను. మూడవ తరగతి లెక్క యిది. ఎచట కొన్నను బిల్లు తీసికొని, గడువు తేదీ చూచుకొనవలెను.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది, వైద్యుని ముఖమున అడుగుట. 1945 నాటి ఔషధ నియమముల ప్రకారము, చీటి మీద ఇయ్యవలసిన మందులలో వైద్యుడు వ్రాసినదానికి బదులు వేఱొకటి దుకాణదారుడు ఇయ్యరాదు, లోపలి మందు ఒకటే యైనను. వైద్యులు అసలు పేర్లను స్పష్టముగ వ్రాయవలెనని 2016లో వారి నడవడి నియమములలో చేర్చిరి. కావున “అయ్యా, మందు అసలు పేరు కూడ వ్రాయుదురా? వీనిలో ఇక అక్కఱ లేనిది ఏదైన కలదా?” యని వినయముగ అడుగుటకు మనకు సంకోచమేల? ఇద్దఱు వైద్యుల చీటీలలో ఒకే మందు రెండు పేర్లతో నుండ, రెండును మ్రింగువారు కలరు. వారికి డబ్బు నష్టము, దేహమునకు కీడు.

ఇచట నొక హెచ్చరిక. పర్యాయపదమే కదా యని పద్యములో మార్చినచో ఒక్కొక్కచోట గణభంగమగును. మూర్ఛకు వాడు ఫెనిటాయిన్, గళగ్రంథికి వాడు లెవోథైరాక్సిన్, రక్తము గడ్డకట్టకుండ వాడు వార్ఫరిన్ అట్టివి. వీనిని ఒక కంపెనీనుండి మఱియొక కంపెనీకి వైద్యునికి చెప్పక మార్పరాదు.

ఇక పొదుపు కాని పొదుపు. మా యెఱుకలో ఒక విశ్రాంతోపాధ్యాయుడు కలడు. మనుమని కళాశాల జీతమునకై తన రక్తపోటు మాత్రను దినము విడిచి దినము వేసికొనుచు, ఎవరికిని చెప్పలేదు. ఒకనాటి ఉదయమున మాట పడిపోయెను, కుడి చేయి లేవదయ్యెను. ఆసుపత్రిలో ఒక్క వారమున కట్టిన సొమ్ముతో ఆ మాత్రలు ఎన్నియో యేండ్లు కొనియుండవచ్చును. గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుకొనుట యనగా నిదియే. దీర్ఘకాలము పనిచేయుటకై చేసిన మాత్రను విఱిచి వేసికొనుట, జ్వరము తగ్గెనని యాంటీబయాటిక్కులను నడుమ మానుట, పొరుగువారి చీటితో మందు కొనుట – ఇవన్నియు ఆ కోవలోనివే.

సోదరులారా! మనవారికి అభిమానము మెండు. చవుక మందు అడిగిన లోకము పేదవారనుకొనునని జంకుదురు. శుభలేఖలకు బంగారు పూత వేయించు ఇంట తల్లి మాత్రలు సగమగుచున్నవేమో విచారించితిమా? సంఘ మర్యాద శుభలేఖలో లేదు. వృద్ధులు నిశ్చింతగ మందు వేసికొనుటలో కలదు.

తుదకొక మనవి. ప్రతి శాఖా సంఘమును నెలకొక ఆదివారము రెండు గంటలు బల్ల వేసి, మనలో ఫార్మసీ చదివిన యువకులను కూర్చుండబెట్టవలెను. పెద్దలు తమ చీటీలను, స్ట్రిప్పులను తెచ్చుకొందురు. యువకులు మందు అసలు పేరు, మిల్లీగ్రాములు, మాత్ర యొక్కటికి ధర, అదే మందు తక్కువకు దొరకు చోటు – ఈ నాలుగు వరుసలు వ్రాసి యిత్తురు. ఆ కాగితమును పెద్దలు తమ వైద్యునికి చూపి, ఆయన సమ్మతించిన పిమ్మటనే మార్చుకొందురు. దీనికి నిధి అక్కఱలేదు; బల్ల, కాగితము, ఓర్పు చాలును. ఈ సభ దీనిని తీర్మానముగ అంగీకరించినచో, మా పట్టణమున మొదటి బల్లయొద్ద వ్రాతపని మేము చేయుదుము.

 సర్వులకు ఆయురారోగ్యములు కలుగుగాక! స్వస్తి.