సరిహద్దు దాటిన వారెంటు

నేరస్థుల అప్పగింత యనగానే మనకు స్ఫురించునది దేశాంతర వ్యవహారము. నేను నేడు ప్రస్తావింపదలచినది మాత్రము ఒకే దేశములోని రాష్ట్రముల నడుమ జరుగు అప్పగింత. గుంటూరు మేజిస్ట్రేటు జారీచేసిన వారెంటు భారతదేశమంతటను చెల్లును గనుక మనకీ ప్రశ్నయే పుట్టదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో నట్లుగాదు; శిక్షాధికారమున ప్రతి రాష్ట్రమును స్వతంత్రమే.

ఒక రాష్ట్రమున నేరారోపణకు గురియై పారిపోయి వేరొక రాష్ట్రమున దొరికిన వానిని, మొదటి రాష్ట్రపు గవర్నరు కోరినచో అప్పగింపవలయునని వారి రాజ్యాంగము నాలుగవ అధికరణము శాసించుచున్నది. అప్పగింపకున్న నేమి సేయవలయునో అందు లేదు. 1788లో జాన్ డేవిస్ అను నల్లజాతీయుని పెన్సిల్వేనియానుండి వర్జీనియాకు అపహరించుకొనిపోయిన మువ్వురిని అప్పగింపుడని పెన్సిల్వేనియా గవర్నరు మిఫ్లిన్ కోరగా, వర్జీనియా గవర్నరు రాండాల్ఫ్ నిరాకరించెను. ఆ వివాదము అధ్యక్షుడు వాషింగ్టనువరకు పోయి 1793 నాటి చట్టమునకు కారణమయ్యెను. ఒక మనుష్యుని స్వేచ్ఛకై మొదలైన ఆ తగవునుండి పుట్టిన శాసనముననే, పారిపోయిన బానిసలను పట్టి యజమానుల కప్పగించు విధియు చేరుట చరిత్రలోని వికృతి గాక మరేమి?

అప్పగింపని గవర్నరును నిర్బంధించు మార్గము లేని లోపము 1861లో న్యాయస్థానమున బయల్పడెను. కెంటకీలో చార్లొట్ అను బానిసస్త్రీ పారిపోవుటకు తోడ్పడిన విల్లిస్ లాగోను అప్పగించుటకు ఒహాయో గవర్నరు డెన్నిసన్ సమ్మతింపలేదు. అప్పగించుట గవర్నరునకు విధియే గాని, నిర్బంధించి ఆ పని చేయించు శక్తి సమాఖ్య ప్రభుత్వమునకు లేదని సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తి టానీ తీర్పు చెప్పెను. దక్షిణ రాష్ట్రములు విడిపోవుచున్న దినములవి. ఆ తీర్పులో న్యాయశాస్త్రముతో పాటు భయమును కలదని నా యభిప్రాయము.

ఆ సందున నూట ఇరువదియారేండ్లు గవర్నర్ల అంతఃకరణమునకు చోటు దొరకెను. కొద్ది డాలర్ల దోపిడికి జార్జియాలో సంకెలలతో చాకిరీ చేసి తప్పించుకొనివచ్చిన రాబర్ట్ బర్న్స్‌ను 1932లో న్యూజెర్సీ గవర్నరు మూర్ అప్పగింపలేదు. నల్లజాతి యువకులపై మోపిన స్కాట్స్‌బరో అత్యాచారాభియోగమున ఏండ్లతరబడి అలబామా చెరలో మ్రగ్గి పారిపోయిన హేవుడ్ పాటర్సన్‌ను 1950లో మిషిగన్ గవర్నరు విలియమ్స్ అప్పగింపలేదు. ఈ దయకు చట్టములో ఆధారము లేదు. అయినను అది బహిరంగముగా జరిగినది, దానికి ఉత్తరవాదియు ఉండెను. 1987లో సుప్రీం కోర్టు డెన్నిసన్ తీర్పును త్రోసిపుచ్చి, గవర్నరు నిరాకరించినచో ఫెడరల్ కోర్టు ఆజ్ఞాపింపవచ్చుననెను.

నేటి క్రమము పెక్కు రాష్ట్రము లంగీకరించిన ఏకరూప చట్టమును అనుసరించి సాగును. వాహనము నాపిన పోలీసు ఎఫ్.బి.ఐ. వారి కంప్యూటరులో పేరు వెదకగా ఫెలొనీ, అనగా ఘోరనేరపు, వారెంటు కనబడిన యెడల ఆ మనుష్యుని నిర్బంధించి మేజిస్ట్రేటు ముందుంచును. అతడు దొరికిన రాష్ట్రపు గవర్నరు వారెంటు వచ్చుటకు ముప్పది దినములు, అవసరమైన మరి అరువది దినములు గడువు. హెబియస్ కార్పస్ కోరవచ్చును గాని, 1978 నాటి తీర్పు ప్రకారము కోర్టు విచారించునవి నాలుగే: కాగితములు సక్రమమా, అభియోగము కలదా, ఇతడే ఆ మనుష్యుడా, పారిపోయినవాడా. నేరము చేసెనా యన్న ప్రశ్న కచ్చట తావులేదు. కావుననే, వేచియుండుట తరచు జైలులోనే గనుక, పలువురు అప్పగింత నెదిరించు హక్కు వదలుకొన్నట్లు సంతకము చేసి బయలుదేరుదురు.

అయితే విచక్షణ నశింపలేదు, చేతులు మారినది. తోడ్కొనిపోవు వ్యయము కోరిన రాష్ట్రముదే గనుక, వారెంటును కంప్యూటరున చేర్చునపుడే దాని పరిధిని సూచింతురు: దేశమంతట తెచ్చుకొందుమనియో, పొరుగు రాష్ట్రములనుండి మాత్రమే యనియో. నాడు గవర్నరు పేరుపెట్టి చేసిన నిర్ణయము నేడు ఖర్చు లెక్కించు గుమాస్తా బల్లపై జరుగుచున్నది. దానికి సంజాయిషీ అడుగువాడు లేడు. పరిధికి వెలుపల ఆగిన వానిని పోలీసు విడిచిపెట్టును. వారెంటు మాత్రము రద్దుగాక నిలిచియుండి, వాడు దానిని జారీచేసిన రాష్ట్రమునకు మరలిన నాడు అమలగును.