గోదావరి ఆనకట్ట - శివారు చేను



మీ బోదెలో పారే నీరు ఎక్కడనుండి వచ్చుచున్నదో మీకు తెలియనిది కాదు. అయినను దాళ్వా ఊడ్పులకు ముందు ఆ సంగతి ఒకసారి తలచుకొనుట మంచిది.

1833లో కరువు వచ్చి ఈ సీమలో ఎందరో తిండిలేక మరణించిరి. 1839లో ఉప్పెన కోరంగి ప్రాంతమును ముంచివేసినది. గోదావరి పక్కనే ఉన్నను, వాన రాకున్న చేను ఎండెడిది. సర్ ఆర్థర్ కాటన్ ఈ స్థితి చూచి, ధవళేశ్వరం వద్ద ఆనకట్ట కట్టవలెనని ప్రభుత్వమును ఒప్పించెను. పని 1847లో మొదలై 1852లో ముగిసినది. వీణం వీరన్నగారు ఆయనకు కుడిభుజమై నిలిచిరి. నది అచ్చట లంకల మధ్య పాయలుగా చీలియున్నందున ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగములుగా కట్టిరి. పాత కట్టడము స్థానే 1970లో ప్రారంభించిన బ్యారేజి 1982లో పూర్తి అయినది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలలో సుమారు 10 లక్షల ఎకరములు నేడు దీని కింద సాగగుచున్నవి. ఊళ్లకు తాగునీరు, చెరువులకు నీరు కూడ ఈ కాలువలే ఇచ్చుచున్నవి.

ఒక్క విషయము గమనించవలెను. ఇది పెద్ద జలాశయము కాదు. నదిమట్టమును ఎత్తి, వచ్చిన నీటిని కాలువలకు మళ్లించునదే. సార్వాలో లక్షల క్యూసెక్కులు సముద్రము పాలగును. దాళ్వాలో నది సన్నగిలును. సీలేరు నుండి వచ్చు నీరే అప్పుడు పెద్ద ఆసరా. కనుక దాళ్వా నీటికి లెక్క ఉన్నది.

లెక్క ఇది. ఎకరము చేలో ఒక అంగుళము నీరు సుమారు లక్ష లీటర్లు. ఎగువన పది ఎకరముల రైతు అనవసరముగా ఒక అంగుళము ఎక్కువ పెట్టినచో పది లక్షల లీటర్లు శివారుకు దక్కవు. సముద్రము దరి చేలలో మంచినీరు తగ్గినకొలది ఉప్పు పైకి వచ్చును. అచ్చటి రైతు నష్టపోవునది ఆ పంట మాత్రమే కాదు, నేల సత్తువ కూడ.

మీరు చేయవలసినవి ఇవి.

నారు ఆలస్యము చేయక అందరూ ఒకేసారి పోయవలెను. అప్పుడు కాలువ కట్టు నాటికి ఎవరి చేనూ పాలదశలో చిక్కదు. తక్కువ కాలపు రకము ఎన్నుకొనవలెను. మారుటేరు పరిశోధనా స్థానము వారి ఎం.టి.యు. 1010 అట్టిది. దానికి కాటన్ దొర సన్నాలు అని పేరు పెట్టుట ఉచితమే.

దమ్ము చేసిన చేను చదును చేసి, గట్ల బొరియలు పూడ్చవలెను. ఊడ్చిన పైరు వేరు తన్నుకొనిన పిదప పలుచగా నీరు పెట్టి, అది ఇంకిన తరువాతనే మరల పెట్టవలెను. పొట్ట, పూత దశలలో మాత్రము నీటి ఎద్దడి రానీయరాదు. కోతకు పది రోజుల ముందు నీరు తీసివేయవలెను.

బోదెలలో గుర్రపుడెక్క, పూడిక తీయుట ఊరందరి పని. మురుగు కాలువను మరువకుడు. మురుగు పోనిచో సార్వా పంట మునుగును. 2011లో కోనసీమ రైతులు సార్వా సాగునే మానిన సంగతి మీరెరుగుదురు. గిట్టుబాటు ధరతోపాటు మురుగు బాధ కూడ వారి మొరలో ఉన్నది.

వంతు వచ్చిన నాడు తూము తెరచి, వంతు ముగిసిన వెంటనే మూయుడు. మీ తరువాతి చేనుకు నీరు చేరినదా అని ఒక్కసారి గట్టు వెంట నడచి చూడుడు.