వానయు వేడిమియు: పెక్కేండ్ల లెక్క
(రైతుల సభయందు చేయబడిన యుపన్యాసము)



మృగశిర కార్తెలోనే వాన కురిసిన యేడు కాలము మంచిదనియు, ఆర్ద్ర దాటినను చినుకు రాలని యేడు కాలము మారినదనియు గ్రామములలో చెప్పుకొనుట వాడుక. పొలమునకు తరము కట్టువారు ఒక్క యేటి పంటను మాత్రమే చూడరు. కాలమునకును అట్లే పెక్కేండ్ల లెక్క కావలయును.

హిందూదేశ వాతావరణ శాఖ 1875వ సంవత్సరమున ఏర్పడెను. వర్షమాపకములచే కొలిచిన 30 మొదలు 50 సంవత్సరముల వానను కూడి, అన్ని యేండ్లచే భాగింపగా వచ్చునది సరాసరి. ఏటేట వాన దీనికి హెచ్చుతగ్గులగుట సహజము. ఒక సరాసరిని వేరొక కాలపు సరాసరితో పోల్చినపుడే కాలపు నడక తెలియును. జూన్ మొదలు సెప్టెంబరు వరకు దేశమున కురియు వాన సరాసరి 1961–2010 లెక్కచే 88 సెంటీమీటర్లు. 1971–2020 లెక్కచే 87. మొత్తమునందలి భేదము స్వల్పమే.

అయినను మొత్తమును నమ్మి యూరకుండరాదు. 2023 జూలై మాసమున ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటయందు ఒక్క దినములో సుమారు 65 సెంటీమీటర్ల వాన కురిసెను. ఇట్టి నీరు లెక్కలో చేరును గాని నేలలో నింకదు. పైమట్టిని కోసికొని, చెరువు కట్టలను త్రెంచి పోవును. పైరును బ్రతికించునది వాన మొత్తము గాదు, వానకును వానకును నడుమ గల యెడము.

వేడిమి మాత్రము నిశ్చయముగా పెరిగినది. 1901 మొదలు 2018 వరకు దేశపు సరాసరి వేడిమి సుమారు 0.7 సెంటీగ్రేడు డిగ్రీ హెచ్చెను. ఇది స్వల్పముగా తోచవచ్చును. కాని గాలి యొక డిగ్రీ వేడెక్కినచో నూటికి 7 వంతులు అధికముగా తేమను పట్టగలదు. కావున వాన లేని దినములలో నేల త్వరగా నారును. కురిసినపుడు కుండపోతగా కురియును. ఒకే కారణమున బెట్టయు వరదయు రెండును హెచ్చుచున్నవి.

ఈ కారణముచే మెట్ట సేద్యము చేయువారు తొలి చినుకునకే విత్తరాదు. మొలక యెండినచో రెండవ మారు విత్తనమునకు రెండవ అప్పు చేయవలసి వచ్చును. 60 మొదలు 75 మిల్లీమీటర్ల వాన కురిసి, పదును లోనికి దిగిన పిమ్మట విత్తుట క్షేమము. చల్కా నేలలకు కొంత తక్కువ చాలును. రేగడికి ఎక్కువ కావలయును. వానలకు ముందే కట్టలను, అలుగులను బాగుచేసికొనవలయును. చేనిలో పడిన నీరు చేనిలోనే నింకునట్లు వాలునకు అడ్డముగా దున్నవలయును.

ప్రతి రైతును తన పొలమున, చెట్లకు దూరముగా, వర్షమాపకమునుంచి ప్రతిదినము ఉదయము 8:30 గంటలకు చూచి, తేదీయు కార్తెయు వానయు పుస్తకమున వ్రాయవలయును. వాన లేని దినమున సున్న వ్రాయుట మరువరాదు. తండ్రి వ్రాసిన యీ పుస్తకము పొలముతోపాటు కుమారునకు చెందినచో, తన చేను ఏ కార్తెలో విత్తదగినదో యాతడు ఊహపై గాక లెక్కపై నిర్ణయింపగలడు.