చెట్టు మనదే, కాగితం ఏదీ?



మన చెలక గట్టు మీద చెట్టు ఉంది. మనమే నీళ్ళు పోసి పెంచాం. నరకాలంటే ఎవర్ని అడగాలి? మొన్న ఈ మాట అంటే అందరూ నవ్వారు. "మా చెట్టుకు మాకే అడ్డమా?" అన్నారు.

అవును, అడగాలి. 2002లో నీళ్ళు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. దాన్నే వాల్టా అంటారు. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఉంది. పట్టా భూమిలో చెట్టయినా సరే, ముందు అనుమతి, తర్వాతే గొడ్డలి.

నాకు తెలిసిన ఒక అక్క సంగతి చెబుతాను. పేరు చెప్పను. పట్టా ఆమె పేరు మీదే ఉంది. గట్టు మీద ఆరు టేకు చెట్లు. బిడ్డ పెళ్ళికని పెంచింది. కలప వ్యాపారి వచ్చాడు. "కాగితాలన్నీ నేను చూసుకుంటా. నువ్వు సంతకం పెట్టు, చాలు" అన్నాడు. అక్క కొత్తగా సంతకం నేర్చుకుంది. సంబరంగా పెట్టింది. పైన రాసింది చదవలేదు. అందులో "ఆరు టేకు చెట్లు" అని లేదు. "గట్టు మీది చెట్లన్నీ" అని ఉంది. టేకుతో పాటు కాసే చింత చెట్టు కూడా పోయింది.

లారీని దారిలో ఆపారు. పర్మిట్ లేదు. కలప పట్టుకున్నారు. వ్యాపారి మిగతా డబ్బు ఎగ్గొట్టాడు. పట్టాదారు ఎవరని ఆమె ఇంటికే వచ్చారు. జరిమానా ఆమె కట్టింది. ఆ కాగితం తర్వాత నేనే చదివి వినిపించాను. ఆమెకు సంతకం నేర్పింది కూడా నేనే. ఆ రోజు నాకు నోట మాట రాలేదు.

అందుకే వినండి. ముందు అటవీ శాఖ వాళ్ళకు దరఖాస్తు ఇవ్వాలి. సర్వే నంబరు, ఏ చెట్టు, ఎన్ని చెట్లు అన్నీ రాయాలి. పట్టా పాసు పుస్తకం నకలు జత చేయాలి. డబ్బు కడితే రసీదు అడగండి. వాళ్ళు వచ్చి చూస్తారు. చెట్టు మన హద్దులో ఉందా, పక్క అడవిలో ఉందా అని. అనుమతి ఇస్తే, కొట్టిన చెట్టుకు బదులు మొక్కలు నాటాలి.

కొట్టడానికి ఒక కాగితం. టేకు దుంగలు బండెక్కించడానికి ఇంకో కాగితం. రెండోదే రవాణా పర్మిట్. మొదటిది ఉంది కదా అని లారీ కదిలిస్తే మళ్ళీ చిక్కే. నీలగిరి, సరుగుడు, సుబాబుల్ తోటలకు ఇంత తంటా లేదు. ఎర్రచందనం, శ్రీగంధం అయితే మాత్రం మన పెరట్లో ఉన్నా చాలా జాగ్రత్త.

వ్యాపారి కాగితం తెస్తే కూడబలుక్కుని అయినా చదవండి. చెట్ల లెక్క చూడండి. ధర చూడండి. ఖాళీ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. తొందర పెడితే "రేపు రా" అనండి.

ఆ అక్క గట్టు మీద టేకు మొద్దులు మళ్ళీ చిగురేశాయి. చింతపండు మాత్రం ఇప్పుడు అంగట్లో కొంటోంది.